స్టాండర్డ్ హెరాల్డ్ ముందు స్ప్రింగులు, షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) మార్చాలి. ఏవి తీసుకోవాలి?

నీలం హెరాల్డ్ · విజయవాడ · ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3, నాలుగు తలుపులది, పదకొండేళ్లు షెడ్డులో నిద్రపోయి ఈ సంక్రాంతికి మళ్లీ రోడ్డెక్కింది. ఇంజను, బ్రేకులు, వైరింగు అయిపోయాయి. ముందు సస్పెన్షన్ దగ్గర ఆగిపోయాను.

కుడి ముందు చక్రం మీద మడ్‌గార్డు అంచు ఎడమ దానికంటే 22 మిల్లీమీటర్లు కిందికి ఉంది. చదునైన సిమెంటు నేల మీద, నాలుగు టైర్లలో గాలి సమానంగా పట్టించి కొలిచాను. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు కుడి పక్క దభీమని శబ్దం వస్తుంది. బానెట్టు మూల నొక్కి వదిలితే కారు మూడుసార్లు ఊగి గానీ ఆగదు. ఎడమ టైరు బయటి అంచు ఎక్కువగా అరుగుతోంది.

ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. కుడి స్ప్రింగు కూర్చుంది, అంటే అణిగి పొట్టిదైంది, అన్నంతవరకు ముగ్గురిదీ ఒకటే మాట, మందు మాత్రం ఎవరిది వారిదే. ఒకాయన చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు పెడతానన్నారు. రెండో ఆయన ఎడమ స్ప్రింగును ఒక చుట్టు కోస్తే రెండూ సమానమవుతాయన్నారు. మూడో ఆయన వేరే కారు స్ప్రింగులు పట్టిస్తానన్నారు, ఏ కారువో చెప్పలేదు.

ఇంగ్లండులో ఒక సెట్టు అమ్మకానికి ఉంది: 20 శాతం గట్టి స్ప్రింగులు, కారు అంగుళం కిందికి దిగుతుంది, బిగుతు మార్చుకునే షాక్‌లు దానితోనే వస్తాయి. రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే ఒక మంచి పాత స్కూటరు ధర. తెప్పించాలా, ఇక్కడే ఏదైనా దారి ఉందా?

మూడో గేరు · హైదరాబాద్ · ఆదివారం రాత్రి 9.58

తెప్పించండి అన్నా, ఆలోచన ఎందుకు? అంగుళం కిందికి దిగిన హెరాల్డ్ ఎంత అందంగా ఉంటుందో ఊహించుకోండి. ఫొటో పెట్టడం మరిచిపోకండి.

ఆటోనగర్ పాతకాపు · విజయవాడ · సోమవారం ఉదయం 6.15

అందంగానే ఉంటుంది, మన వీధి స్పీడ్ బ్రేకరు మీద ఆనుకుని కూర్చున్నప్పుడు కూడా. నిబంధనల పుస్తకంలో స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, వీపు వాలినట్టు ఉండాలని రాశారు. మా కాలనీలో వేసింది మాత్రం అడ్డంగా పడుకోబెట్టిన కరెంటు స్తంభంలా ఉంటుంది. ఇలాంటి రోడ్ల మీద అంగుళం ఎత్తు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

నీలం గారూ, ఆ ముగ్గురి సలహాల్లో ఒక్కటి కూడా వినకండి. చుట్టు కోస్తే కోసిన చివర ప్లేటులో కుదురుగా కూర్చోదు, ఒక అంచు మీదే బరువు పడుతుంది. గ్యాస్ మంటతో చివర వంచి కూర్చోబెడతారు. మంట తగిలిన చోట ఉక్కు తన పదును వదిలేస్తుంది, ఏడాదిలోపు అక్కడే విరుగుతుంది. నలభై ఏళ్ల పనిలో అలా విరిగినవి లెక్కలేనన్ని చూశాను. ఇక చుట్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టడమంటే కుంటివాడి చెప్పులో అట్టముక్క పెట్టడం లాంటిది. ఆ రెండు చుట్లు కదలడం మానేస్తాయి, వాటి పని కూడా మిగతా చుట్లే చేయాలి.

స్ప్రింగుల మాటకు ముందు ఒక సంగతి చెప్పండి. కింది ట్రనియన్‌లో ఏమి పోయిస్తున్నారు?

నీలం హెరాల్డ్ · సోమవారం ఉదయం 8.05

సర్వీసులో గ్రీజు కొట్టించాను, పాతకాపు గారూ. అన్ని నిపిల్స్‌కీ కొట్టారు.

ఆటోనగర్ పాతకాపు · సోమవారం ఉదయం 8.20

అదే నా భయం.

హెరాల్డ్‌లో చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి. ఆ మరలు ఇత్తడి రంగు దిమ్మలోకి దిగి ఉంటాయి, దాన్నే ట్రనియన్ అంటారు. మీరు స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది. అక్కడ పోయవలసింది గేరు ఆయిలు, మన షాపుల్లో 90 నంబరు ఆయిలు అంటామే, అది. గ్రీజు మరల అడుగు వరకు చేరదు. పైన గట్టిపడి మూతలా కూర్చుంటుంది, కింద నీరు చేరుతుంది, కడ్డీ తుప్పు పట్టి సన్నబడుతుంది. ఒక రోజు మలుపులో, ఎక్కువగా పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, పుటుక్కుమంటుంది. చక్రం లోపలికి మడుచుకుని బండి ముక్కు నేలకు తగులుతుంది. వేగంలో ఉన్నప్పుడు జరిగితే ఏమవుతుందో రాయను.

మిగతా కార్లన్నిటికీ గ్రీజు కొట్టే చేత్తోనే దీనికీ కొట్టేస్తారు. తప్పు మెకానిక్కుది కాదు, అతను హెరాల్డ్‌ను చూసి ఇరవై ఏళ్లయి ఉంటుంది. ముందు ఆ కడ్డీలు రెండూ విప్పి చూడండి. ఒక పక్క మరలు ఎడమ చుట్టువి, కుడిది ఎడమకు మార్చి బిగించకండి. స్ప్రింగుల సంగతి తర్వాత చూద్దాం.

కోవెంట్రీ కబుర్లు · ఇంగ్లండు · సోమవారం మధ్యాహ్నం 2.30

పాతకాపు గారి మాటకు నూటికి నూరు మార్కులు. ఇక్కడ ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్బు సభ్యులు కలిసినప్పుడు కూడా కొత్తగా కారు కొన్నవాళ్లను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ట్రనియన్‌కు ఆయిలా, గ్రీజా?

నా దగ్గర ఇక్కడి ట్రయంఫ్ హెరాల్డ్ ఉంది. నేను ఉండే ఊరి కాన్లీ ప్రాంతంలోనే ఆ రోజుల్లో ట్రయంఫ్ కర్మాగారం ఉండేది. 1959లో ఈ కారు వచ్చింది, బాడీ గీసింది ఇటలీకి చెందిన మికెలోటీ. ఇక్కడ 1971లో ఆపేశారు. అదే కారు 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. నాలుగు తలుపుల హెరాల్డ్ మాత్రం మన దేశంలో తప్ప ఎక్కడా రాలేదు. ఇక్కడివాళ్లకు దాని ఫొటో చూపిస్తే కళ్లు నులుముకుంటారు.

ఈ ముచ్చటకు, మీ ప్రశ్నకు సంబంధం ఉంది. ఇక్కడ అమ్మే స్ప్రింగులన్నీ రెండు తలుపుల సెలూన్‌కో, కన్వర్టిబుల్‌కో, స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకో లెక్కవేసి చుట్టినవి. ఒకే పెట్టె మీద నాలుగు కార్ల పేర్లు రాసి ఉంటాయి. మీరు చూసిన సెట్టు స్పిట్‌ఫైర్ యజమానుల కోసం చేసినదని నా అనుమానం. వారాంతంలో కొండ దారిలో మలుపులు తిరగడానికి వాళ్లకు అది బాగుంటుంది. ముగ్గురు మనుషులు, రెండు పెట్టెలు, ఒక బస్తా బియ్యంతో గుడివాడ వెళ్లే నాలుగు తలుపుల కారుకు కాదు.

ఇంకో చిక్కు వెనక ఉంది. హెరాల్డ్ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ (చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) మీద ఊగుతాయి, పైన అడ్డంగా ఒకటే కమాను. మలుపులో వెనక భాగం పైకి లేచిందంటే చక్రాలు అడుగున లోపలికి ముడుచుకుంటాయి, పట్టు పోతుంది. ముందు భాగాన్ని అంగుళం దించి వెనక అలాగే వదిలేస్తే ముక్కు కిందికి, తోక పైకి. ఈ కారుకు అంతకంటే చెడ్డ భంగిమ లేదు.

గెజల్ బాబాయి · నెల్లూరు · సోమవారం సాయంత్రం 5.10

అందుకే 1972లో స్టాండర్డ్ వాళ్లు హెరాల్డ్ తర్వాతి కారు గెజల్ తెచ్చినప్పుడు ఆ స్వింగ్ యాక్సిల్ తీసేసి మామూలు బిగి యాక్సిల్ పెట్టారు. మన మెకానిక్కులకూ, మన గోతులకూ ఆ స్వింగ్ యాక్సిల్ సరిపడలేదు. మా గెజల్ తిన్నగా నడుస్తుంది, గొప్పలు పోదు. సరే, నా సొద ఎందుకు, కానివ్వండి.

స్ప్రింగు మాస్టారు · విశాఖపట్నం · సోమవారం రాత్రి 8.45

పాలిటెక్నిక్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు మెషీన్ డిజైన్ చెప్పాను. పాఠం చెప్పే జబ్బు ఇంకా వదల్లేదు, ఓర్చుకోండి.

కుడి స్ప్రింగు కూర్చుంది అని అందరూ అంటున్నారు, ఎవరూ కొలవలేదు. ఎత్తులో తేడా కనిపించినంత మాత్రాన తక్కువగా ఉన్నదే దోషి అనుకోవడం తొందరపాటు. రెండు స్ప్రింగులూ బయటికి తీయించండి. వెర్నియర్‌తో నాలుగు కొలతలు కావాలి: తీగ మందం (రంగు గీకి, ఉక్కు మీద కొలవాలి), చుట్టు బయటి వ్యాసం, పని చేసే చుట్ల సంఖ్య, బరువు లేనప్పుడు పొడవు.

గట్టిదనం లెక్క ఇది. తీగ మందాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్లి 79,300తో గుణించండి. చుట్టు మధ్య వ్యాసం ఘనాన్ని పని చేసే చుట్లతోనూ, 8తోనూ గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. 9.81తో భాగిస్తే కిలోల్లో. మధ్య వ్యాసం అంటే బయటి వ్యాసంలోంచి తీగ మందం తీసేయగా మిగిలేది. 79,300 అనేది ఉక్కు మెలికకు ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే సంఖ్య.

ఉదాహరణకు తీగ 11, మధ్య వ్యాసం 90, ఏడు చుట్లు అనుకుందాం. 28.4 న్యూటన్లు, అంటే 2.9 కిలోలు. ఒక మిల్లీమీటరు అణగడానికి 2.9 కిలోల బరువు కావాలన్నమాట. ఇప్పుడు తీగను 11.5 చేయండి, మిగతావి కదపకండి. 3.46 కిలోలు! అర మిల్లీమీటరు మందానికే స్ప్రింగు 20 శాతం గట్టిపడింది. 12 చేస్తే 4.1, అంటే 40 శాతం పైనే. నాలుగో ఘాతం మహిమ ఇది. దుకాణంలో రెండు స్ప్రింగులు పక్కపక్కన పెట్టి, ఒకేలా ఉన్నాయి సార్ అంటే నమ్మవద్దని మా పిల్లలకు చెప్పేవాణ్ణి.

చుట్టు కోస్తే ఏమవుతుందో కూడా ఇందులోనే ఉంది. ఏడు చుట్లు ఆరైతే గట్టిదనం దాదాపు 17 శాతం పెరుగుతుంది. ఎడమ పక్క కోసి ఎత్తు సమానం చేస్తే, రెండు పక్కలా రెండు రకాల గట్టిదనం మిగులుతుంది. గోతిలో పడినప్పుడు ఒక పక్క ఒకలా, మరో పక్క మరోలా ఎగురుతుంది.

మూడో గేరు · సోమవారం రాత్రి 9.02

మాస్టారూ, పరీక్షకు ఇది వస్తుందా?

స్ప్రింగు మాస్టారు · సోమవారం రాత్రి 9.06

వస్తుంది. పది మార్కులకు.

చెన్నపట్నం · చెన్నై · మంగళవారం ఉదయం 10.15

షాక్‌ల గురించి నా అనుభవం చెబుతాను. పుదుపేటలో వెతికితే హెరాల్డ్ సామాను ఇప్పటికీ తగులుతుంది. అక్కడ ఒక కొట్టులో పాత నిల్వ, వాడనివి అంటూ నూనె కాగితంలో చుట్టిన రెండు షాక్‌లు ఇచ్చారు. సంతోషంగా తెచ్చుకున్నాను. నెల తిరగకుండా ఒకటి కారింది. గీకి చూస్తే కొత్త రంగు కింద తుప్పు, దాని కింద ఇంకో రంగు.

అప్పటి నుంచి కొనేముందు ఒక పని చేస్తాను. షాక్‌ను కారులో ఉన్నట్టే నిలబెట్టి పట్టుకుని, చివరి వరకు లాగి నొక్కడం ఆరేడు సార్లు చేయాలి. పడుకోబెట్టి ఉంచినదైతే లోపల గాలి చేరి ఉంటుంది, మొదటి రెండు మూడు సార్లు మెత్తగా, ఖాళీగా తగులుతుంది. తర్వాత మొదటి నుంచి చివరి వరకు ఒకే బిగి రావాలి. దారిలో ఎక్కడైనా చేయి జారినట్టు ఖాళీ తగిలిందా, అది చెత్త. లాగేటప్పుడు ఎక్కువ బిగి, నొక్కేటప్పుడు తక్కువ బిగి ఉండటం మామూలే, దానికి కంగారు పడకండి.

వేరే కారు షాక్ తెచ్చి బుష్షు మార్చి పట్టించేవాళ్లు ఉన్నారు. పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు రెండూ కొలవకుండా అలా చేయవద్దు. ముడుచుకున్న పొడవు ఎక్కువైతే బంప్ రబ్బరు (చివరి దెబ్బను ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే షాక్ అడుగు తగులుతుంది. దెబ్బంతా పై బిగింపు మీద పడుతుంది.

కోవెంట్రీ కబుర్లు · మంగళవారం మధ్యాహ్నం 1.40

హెరాల్డ్‌లో షాక్ స్ప్రింగు లోపలే ఉంటుంది కాబట్టి ఇంకో మాట చేర్చాలి. చక్రం గాల్లో వేలాడినప్పుడు దాన్ని ఆపేది షాకే. పొట్టి స్ప్రింగు వేసి పాత పొడవు షాక్ ఉంచితే, జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగు వదులై ప్లేట్ల మధ్య గలగలలాడుతుంది.

బిగుతు మార్చుకునే షాక్‌లలో రెండు రకాలు. కోనీ వారి ఎర్ర రంగువి కారు మీదినుంచి విప్పి, పూర్తిగా నొక్కి, మెలితిప్పి మార్చాలి. గాజ్, స్పాక్స్ లాంటివి కారు మీద ఉండగానే మర తిప్పితే చాలు. నేను రెండూ వాడాను. మర తిప్పేవి కొన్న మొదటి నెల ప్రతి ఆదివారం తిప్పాను. ఆ తర్వాత మూడేళ్లు ముట్టుకోలేదు.

మామూలు గట్టిదనం స్ప్రింగుకు మామూలు నూనె షాక్ చాలు. స్ప్రింగు 20 శాతం గట్టిదైతే షాక్ బిగి సుమారు 10 శాతం పెరగాలి, లేకపోతే ఊపు ఆగదు. గ్యాసు నింపినవి వేస్తే ఆ ఒత్తిడికి కారు కాస్త పైకి లేస్తుంది. అది స్ప్రింగు గొప్పతనం అనుకుని మురిసిపోయినవాళ్లు మా క్లబ్బులో ఉన్నారు.

నీలం హెరాల్డ్ · శనివారం సాయంత్రం 6.30

విప్పాను. ముందుగా పాతకాపు గారికి దండం.

కుడి నిలువు కడ్డీ బాగానే ఉంది. ఎడమది ట్రనియన్‌లోంచి తీస్తే గోధుమ రంగు బురద వచ్చింది. శుభ్రం చేసి చూస్తే మరలు ముగిసేచోట చుట్టూ తుప్పు గాడి. గోరు ఆనుతోంది. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని పోయిన వారమే ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి వచ్చాను. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇక కొలతలు. మాస్టారూ, మీరు కూర్చుని చదవండి.

కుడి స్ప్రింగు: తీగ 11.0, బయటి వ్యాసం 101, ఏడు చుట్లు, పొడవు 301.
ఎడమ స్ప్రింగు: తీగ 11.5, బయటి వ్యాసం 101.5, ఏడు చుట్లు, పొడవు 300.

నాలుగుసార్లు కొలిచాను. కూర్చుందన్న కుడి స్ప్రింగే ఒక మిల్లీమీటరు పొడవుగా ఉంది!

స్ప్రింగు మాస్టారు · శనివారం రాత్రి 7.15

కూర్చునే చదివాను, లేచి నిలబడ్డాను.

ఇప్పుడు మరో మూడు అంకెలు కావాలి. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ లోపలి బోల్టు నుంచి షాక్ బోల్టుకు ఎంత దూరం? అదే లోపలి బోల్టు నుంచి ట్రనియన్ బోల్టుకు ఎంత? కారు ముందు చక్రాలు రెండూ మాత్రమే కాటా మీద నిలబెడితే ఎన్ని కిలోలు తూగుతుంది? లారీల కాటా ఐదో పదో కిలోల మెట్లలోనే చూపిస్తుంది, అది చాలు.

నీలం హెరాల్డ్ · ఆదివారం మధ్యాహ్నం 12.20

దూరాలు నా టేపుకు 195, 300. విప్పిన కారును కాటాకు తీసుకెళ్లలేను గానీ, జనవరిలో రంగు వేయడానికి లారీ మీద పంపే ముందు సరదాకు తూయించాను. ముందు 430 కిలోలు. చీటీ దాచాను.

స్ప్రింగు మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 3.00

చీటీలు దాచేవాళ్లంటే నాకు గౌరవం.

ఒక్కో చక్రానికి 215. అందులో చక్రం, హబ్బు, బ్రేకు వగైరా స్ప్రింగు మోయదు, ఒక ముప్పై తీసేద్దాం. 185. షాక్ బోల్టు ఆర్మ్ మధ్యలో ఉంది కాబట్టి స్ప్రింగు మీద పడేది అంతకంటే ఎక్కువ. 195ని 300తో భాగిస్తే 0.65. 185ని 0.65తో భాగిస్తే సుమారు 285 కిలోలు. స్ప్రింగు కొంచెం వాలి ఉంటుంది, ఆ చిన్న తేడాను వదిలేస్తున్నాను.

కుడిది 2.9 గట్టిదనంతో 285 కిలోలకు 98 మిల్లీమీటర్లు అణుగుతుంది. 301లో 98 పోతే 203. ఎడమది 3.46 గట్టిదనంతో 82 అణుగుతుంది. 300లో 82 పోతే 218. స్ప్రింగుల దగ్గర తేడా 15. దాన్ని 0.65తో భాగిస్తే చక్రం దగ్గర 23. మీరు మడ్‌గార్డు దగ్గర కొలిచింది 22.

మీ కుడి పక్క దిగలేదు నీలం గారూ. ఎడమ పక్క లేచింది. ఎవరో ఎప్పుడో ఎడమవైపు వేరే స్ప్రింగు వేశారు. ఎడమ టైరు బయటి అంచు అరగడానికి కూడా కారణం అదే కావచ్చు. ఆ పక్క కారు ఎత్తుగా ఉంటే చక్రం పైభాగం బయటికి వాలుతుంది.

ఆటోనగర్ పాతకాపు · ఆదివారం మధ్యాహ్నం 3.25

మాస్టారూ, నలభై ఏళ్ల పనివాణ్ణి, నేనూ కుడి స్ప్రింగే అనుకున్నాను. ఒప్పుకుంటున్నాను. మరి కుడి పక్క దభీమనే శబ్దం సంగతి?

నీలం హెరాల్డ్ · ఆదివారం మధ్యాహ్నం 3.40

దానికి జవాబు నా దగ్గర ఉంది. కుడి షాక్‌లో నూనె లేదు, చేత్తో నొక్కితే సైకిలు పంపులా దిగింది. బంప్ రబ్బరు ఉండవలసిన చోట దాని మేకు మాత్రమే ఉంది.

కోవెంట్రీ కబుర్లు · ఆదివారం సాయంత్రం 4.30

అంటే మొదటి ఆలోచన ప్రకారం ఎడమ స్ప్రింగును ప్రమాణంగా పెట్టుకుని ఆ గట్టి సెట్టు తెప్పించి ఉంటే, తప్పు స్ప్రింగుకు జత కట్టినట్టయ్యేది.

నీలం హెరాల్డ్ · ఆదివారం సాయంత్రం 5.05

ఇప్పుడు ఏమి చేయమంటారు? కుడిదాన్ని నమూనాగా ఇచ్చి ఇక్కడే జత చుట్టించనా, ఇంగ్లండు నుంచి మామూలు గట్టిదనం జత తెప్పించనా?

స్ప్రింగు మాస్టారు · ఆదివారం రాత్రి 8.10

చుట్టించవచ్చు, షరతులతో. తీగ సిలికాన్ మాంగనీస్ స్ప్రింగు ఉక్కు కావాలి, మన దగ్గర ఈఎన్ 45 అంటే అర్థమవుతుంది. దొరికిన కడ్డీతో చుట్టి ఇస్తామంటే లేచి వచ్చేయండి. చుట్టాక పదును పెట్టి, మళ్లీ వేడి చేసి మెత్తబరచాలి. పైపొర మీద ఉక్కు గుళ్లు కొట్టే యంత్రం వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి. అలసటతో స్ప్రింగు విరగడం పైపొర మీది సన్న గీతతో మొదలవుతుంది, ఆ గుళ్ల దెబ్బ దాన్ని ఆపుతుంది. చివరగా, ప్రతి స్ప్రింగునూ చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా మూడుసార్లు ప్రెస్సు కింద నొక్కించండి. కొత్త స్ప్రింగు కూర్చోవలసినది అక్కడే కూర్చోవాలి, మీ కారు కింద కాదు. ఆ తర్వాత 285 కిలోల బరువు పెట్టి ఎత్తు కొలవండి. రెండింటి మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే తీసుకోవద్దు.

గట్టిదనం 2.9 దగ్గరే ఉంచండి. చక్రం దగ్గరికి వచ్చేసరికి అది 0.65 వర్గంతో తగ్గి 1.2 కిలోలు అవుతుంది. 185 కిలోల బరువుకు కారు ముందు భాగం నిమిషానికి 77 సార్లు ఊగే స్వభావం. మనిషి నెమ్మది నడకకు దగ్గర, ఒంటికి హాయి. 20 శాతం గట్టిది వేస్తే 84 అవుతుంది. ప్రాణం పోదు, కానీ మీ రోడ్ల మీద ప్రతి గుంతా వెన్నుకు లెక్క చెబుతుంది. యాభై ఏళ్లు మోసిన కుడిది ఎంతో కొంత పొడవు తగ్గే ఉంటుంది. కొత్తవాటికి పొడవు 306 చేయించండి, గట్టిదనం కదపకుండా.

ఆటోనగర్ పాతకాపు · ఆదివారం రాత్రి 8.40

బిగించేటప్పుడు నా మాటలు రెండు.

స్ప్రింగు, షాక్ కలిపి ఒకే ముక్కగా బయటికి వస్తుంది: పైన మూడు నట్లు, కింద ఒక పొడుగు బోల్టు. అది మీకు తెలిసిపోయింది. కానీ పైన నడిమి నట్టు ఉందే, స్ప్రింగును బిగింపుతో నొక్కి పట్టకుండా దాన్ని మాత్రం విప్పకండి. చక్రం వేలాడుతున్నా స్ప్రింగు ఇంకా వంద కిలోలకు పైగా తోస్తూనే ఉంటుంది. ఇనుప తీగ చుట్టి విప్పేవాళ్లను చూశాను. వాళ్లలో ఒకరి ముందు పళ్లు ఇప్పుడు లేవు.

రెండోది బుష్షులు. రబ్బరు బుష్షులైతే ఆర్మ్ బోల్టులను వదులుగా ఉంచి, కారును చక్రాల మీదికి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో పట్టుకుపోతుంది, కారు దించగానే మెలిపడి ఏడాదిలో చిరుగుతుంది. ఈ పొరపాటు నూటికి తొంభై షాపుల్లో చేస్తారు. పాలీయురెథేన్ బుష్షులకు ఆ బాధ లేదు గానీ నాకు వాటి కిర్రుకిర్రు నచ్చదు.

ఎడమ నిలువు కడ్డీ కొత్తది కొనే తీరాలి. దాన్ని వెల్డింగు చేయిస్తే మాత్రం నాకు చెప్పకండి.

చెన్నపట్నం · ఆదివారం రాత్రి 9.30

ఎడమ కడ్డీ మీకోసం నేను చూస్తాను. ఈసారి గీకి చూసే కొంటాను.

నీలం హెరాల్డ్ · ఆరు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 10.10

ఆలస్యానికి క్షమించండి. కడ్డీ చెన్నై నుంచి వచ్చింది, చెన్నపట్నం గారికి ఎంత చెప్పినా తక్కువే. షాక్‌లు ఇంగ్లండు నుంచి మామూలు నూనెవి తెప్పించాను, మర తిప్పేవి కాదు. నా సంగతి నాకు తెలుసు, ప్రతి ఆదివారం తిప్పుతూ కూర్చుంటాను. స్ప్రింగులు ఇక్కడే చుట్టించాను. మొదటి జతలో తేడా 7 మిల్లీమీటర్లు వచ్చింది. మాస్టారు చెప్పారని వెనక్కి ఇచ్చాను. స్ప్రింగులు చుట్టినాయన మొహం మాడ్చుకున్నా మళ్లీ చుట్టారు. రెండో జతలో తేడా 2. నమూనా ఇచ్చి వదిలేయకుండా ప్రెస్సు పక్కనే నిలబడటం వల్ల ఒక లాభం, నాకు టీ కూడా ఇచ్చారు.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచాను. కుడి ఎడమల తేడా 3 మిల్లీమీటర్లు. కింది ఆర్మ్ బ్రాకెట్ల వెనక ఉండే పలుచటి బిళ్లలు ఎడమ పక్క ఒకటి మార్చి చక్రం వాలు సరిచేశారు. బానెట్టు మూల నొక్కితే ఒక్కసారి పైకి లేచి ఆగుతుంది. పాతకాపు గారి కాలనీ స్పీడ్ బ్రేకరు మీద కూడా వెళ్లాను, కరెంటు స్తంభం అన్నది అతిశయోక్తి కాదు. శబ్దం రాలేదు.

మూడో గేరు · శుక్రవారం రాత్రి 10.25

ఫొటో అన్నా!

నీలం హెరాల్డ్ · శనివారం ఉదయం 7.30

ఫొటో పగలు తీసి పెడతాను. ఇంకో సంగతి. నాన్నగారి కారు ఖర్చుల పుస్తకం నిన్న అమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చింది. 1988 పేజీలో ఆయన చేతిరాత: గుడివాడ దారిలో గేదె అడ్డం వచ్చుట, ఎడమ మడ్‌గార్డు, ఎడమ స్ప్రింగు మార్పు, ఏలూరు, రూ. 140.

ఆటోనగర్ పాతకాపు · శనివారం ఉదయం 7.50

ఆ రోజుల్లో ఏలూరులో హెరాల్డ్ స్ప్రింగు ఎక్కడ దొరికింది? ఆ పాత ఎడమ స్ప్రింగు పారేయకండి, ఓసారి నా దగ్గరికి పట్టుకురండి. ఏ బండిదో చూసి చెబుతాను.